నా ఫొటోలకు నేనే పరాయి!

1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన మా ఖైరతాబాద్ గణేశుణ్ణి ఏటా ఫొటో తీయడం నాన్నకు అలవాటు. ఆయన పోయాక ఆ ఫొటోలున్న ఫోల్డర్‌ను నా ఖాతా నుంచి డి డ్రైవ్‌లోకి మార్చి దాచాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ముగిసింది కదా! ఓ ఆదివారం సి డ్రైవ్ చెరిపేసి విండోస్ 11 వేసుకున్నాను. ఖాతాకు పాత పేరే పెట్టాను. తీరా ఆ ఫోల్డర్ తెరవబోతే 'యాక్సెస్ డినైడ్' అంది.

"పోయాయా?" అంది అమ్మ.

పోలేదు. కంప్యూటర్ మనల్ని గుర్తుపట్టేది పేరుతో కాదు, ఓ పొడవాటి నంబరుతో. సిస్టం కొత్తగా వేస్తే ఆ నంబరూ కొత్తదే. ఫైళ్లకేమో పాత నంబరే యజమాని. అంటే పేరొకటే అయినా దాని లెక్కలో నేను పరాయివాణ్ణి!

అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోంచి ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లాను. ఓనర్ పక్కన 'చేంజ్' నొక్కి నా పేరిచ్చాను. తర్వాత అదే పేరుకు 'ఫుల్ కంట్రోల్' ఇచ్చాను. రెండుసార్లూ లోపలి ఫైళ్లకూ వర్తించేలా టిక్ పెట్టాను. అంతే, తెరుచుకున్నాయి!

ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లకు ఈ కిటుకు చాలదు. వాటి సర్టిఫికెట్‌ను ముందే వేరేచోట దాచుకోవాలి. విండోస్ సొంత ఫోల్డర్ల యాజమాన్యం జోలికి మాత్రం పోకండి.

ఆ సాయంత్రం అమ్మ ఒక్కో ఏటి గణేశుణ్ణీ తనివితీరా చూసుకుంది. నేను మాత్రం ముందు చేయాల్సిన పని ఆఖరున చేశాను... పెన్‌డ్రైవ్‌లో మరో కాపీ!