మాత్రల డబ్బా పక్కన బైబిలు

ఆమె సంచిలో ఎప్పుడూ మూడే ఉంటాయి: ఫైలు, దుప్పటి, అంచులు నలిగిన తెలుగు బైబిలు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి నాలుగు గంటలు పడుకోబెడతారు. ఆ చెయ్యి కదపకూడదు గనుక కుడిచేత్తోనే పేజీలు తిప్పుకుంటుంది. 23వ కీర్తన ఉన్న పేజీ వేళ్ల చెమటకు పసుపు రంగుకు తిరిగింది.

"ఏమని ప్రార్థన చేస్తుంటావమ్మా?" అని డాక్టరు గారు ఒకరోజు అడిగారు.

"పెద్ద ప్రార్థనలు నాకు రావండి. ప్రభువా, ఈ నాలుగు గంటలూ నా పక్కనుండు అంటాను. అంతే."

గుంటూరు జిల్లాలో చాలా ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఆ డాక్టరు గారు ఇలాంటివాళ్లలో ఒకటి గమనించారు. గుండె దిటవు తప్పిన రోగి ముందు ఒక డయాలసిస్ మానేస్తాడు, తర్వాత రెండోది. ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరిగి గుండెకే ముప్పు తెస్తుంది. ఈమె మాత్రం మానదు. నీళ్లు కూడా కొలుచుకునే తాగుతుంది.

అందరూ అలా ఉండరు. ఒక రైతు రాత్రి ప్రార్థన కూటం నుంచి వచ్చి, స్వస్థత కలిగిందని ఇన్సులిన్ ఆపేశాడు. వారం తిరక్కుండానే స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారు. షుగరు ఐదు వందలు దాటింది. కోలుకున్నాక డాక్టరు గారు కోప్పడలేదు. మంచం పక్కనున్న బైబిల్లో యెషయా 38వ అధ్యాయం తీశారు. హిజ్కియా రాజు మరణపడక మీద ఏడుస్తూ ప్రార్థించాడు. దేవుడు ఆయనకు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ అధ్యాయంలోనే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పిన మాట కూడా ఉంది.

"చూశావా, ప్రవక్తే మందు కూడా చెప్పాడు" అన్నారు.

రైతు భార్య కళ్లు తుడుచుకుని, "ఈ మాట మా పాస్టరయ్యగారికి కూడా చెప్పండి సార్" అంది. చెప్పారు. ఇప్పుడు ఆ సంఘంలో ప్రార్థన కోసం వచ్చినవాళ్లను పాస్టరు గారే మందులు వేసుకున్నారా అని అడుగుతున్నారు.

మరి అడిగింది దొరకకపోతే? అప్పుడు డాక్టరు గారు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన మేరీ వర్గీస్ సంగతి చెబుతారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆ యువ వైద్యురాలికి నడుము కింద స్పర్శ పోయింది. మళ్లీ నడవలేకపోయింది. అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్‌లో శిక్షణ పొంది వచ్చి, తనలాంటివాళ్ల పునరావాసానికే జీవితం ఇచ్చింది. 1972లో పద్మశ్రీ అందుకుంది. అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, దాన్ని భరించే కృప దొరికింది.

మీ ఇంట్లో ఎవరైనా స్వస్థత కలిగిందని మందు ఆపబోతే, ముందు పరీక్ష చేయించండి. నిజంగా తగ్గితే డాక్టరే మోతాదు తగ్గిస్తారు. మందిరంలో సాక్ష్యం అప్పుడు చెప్పండి.