నా మోచేతుల చరిత్ర

జబ్బులకు కూడా మన ఇళ్ళల్లో అంతస్తులున్నాయండీ. రక్తపోటు ఉందంటే అదొక హోదా. మధుమేహమంటే పెళ్ళిభోజనంలో లడ్డూ పక్కకు జరిపి పదిమందికీ చెప్పుకోదగ్గ విషయం. మోకాళ్ళ నెప్పులకైతే కబుర్లే కబుర్లు. చర్మానికి వచ్చిన జబ్బుకు మాత్రం ఆ యోగం లేదు. దాన్ని పొడుగుచేతుల రవిక కింద దాచుకోవాలి. ఎవరైనా చూసి అడిగితే "బూరెలు వేస్తుంటే నూనె చిట్లిందమ్మా" అనాలి. మోచేతి వెనకభాగంతో ఎవరూ బూరెలు వెయ్యరని అడిగినవాళ్ళకూ తెలుసు, చెప్పినవాళ్ళకూ తెలుసు.

నాకున్నది సోరియాసిస్. పందొమ్మిదో ఏట వచ్చింది. ఇప్పుడు నాకు అరవై రెండు. అంటే మా వారికన్నా ముందునించీ నాతో కాపురం చేస్తోందన్నమాట. మొదట అంతా తామరన్నారు. తలలోకి పాకితే చుండ్రన్నారు. వేపాకు ముద్ద, కానుగనూనె, పసుపు, ఇలా చుట్టానికొక వైద్యం చొప్పున జరిగింది. ఎర్రటి మచ్చ, దాని మీద అభ్రకం రేకుల్లాగా తెల్లని పొలుసులు, గిల్లితే సూదిమొనంత రక్తపు చుక్కలు. చూడటానికి బాగుండదు, నిజమే. కాని ఇది అంటుకునే జబ్బు కాదు. ఈ ఒక్క వాక్యాన్నీ పెద్ద అక్షరాలతో అచ్చు వెయ్యమని సంపాదకులవారిని అడుగుదామనుకున్నాను. దీనికీ కుష్ఠుకీ సంబంధం లేదని వియన్నాలో హెబ్రా అనే వైద్యుడు 1841లోనే తేల్చి చెప్పాడు. ఆ కబురు మా వీధి చివరిదాకా ఇంకా రాలేదు.

లోపల జరిగేదిది. మామూలు చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు ఒక నెల పడుతుంది. మాబోటివాళ్ళకు నాలుగైదు రోజులు చాలు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ లేని దొంగను చూసి కేకలు పెడుతుంది. ఆ కేకలకు చర్మం కంగారుపడి, పక్వం కాని కణాలను పొరలు పొరలుగా పైకి తోసేస్తుంది. వంశంలో ఉంటే రావడానికి అవకాశం ఎక్కువ. అలాగని రాసిపెట్టినట్టు వచ్చి తీరాలనేం లేదు; ఒక్క పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడమూ ఉంది.

అయితే ఇది ఆడదాని ఒంట్లో జరిగే మార్పులను కనిపెట్టి నడుస్తుందని నాకు మొదట చెప్పింది డాక్టరు కాదు, మా అత్తగారు. ఆవిడ చదువు నాలుగో క్లాసు. 1986లో మా పెద్దవాడు కడుపున ఉండగా, అయిదో నెల వచ్చేసరికి నా మోచేతులు తేటపడ్డాయి. ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వెడితే మా అమ్మ అదంతా తన బావినీళ్ళ మహిమేనంది. వీధిలో అందరికీ చూపించింది కూడా. బాలసారె అయి మూడు నెలలు తిరక్కుండా మోకాళ్ళకూ, తలకూ ఎప్పుడూ లేనంతగా పొంగింది. మా అమ్మ "దిష్టి" అంది. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. 1992లో అమ్మాయి కడుపున పడి మళ్ళీ అదే వరస జరిగాక, వత్తులు చేసుకుంటూ చేసుకుంటూ అన్నారు: "నీళ్ళు కాదే, దిష్టీ కాదు. కడుపులో బిడ్డ ఉన్నంతకాలం నీ ఒంటికి శాంతి. నీళ్ళాడగానే దానికి కోపం." ఆ తర్వాత నలభై ఎనిమిదో ఏట బహిష్టులు ఆగిపోయినప్పుడు మరోసారి కోపం వచ్చింది. అప్పటికి ఆవిడ లేరు.

ఆవిడ చూసినదాన్నే పెద్ద చదువులవాళ్ళూ చూశారని నాకు తర్వాత తెలిసింది. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఒకటుంది. అది సోరియాసిస్ కథ కాదు, కీళ్ళ జబ్బు కథ. అయినా మా జబ్బుకు దాయాదే. అమెరికాలో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరుండేవాడు. చేతివేళ్ళు వంకర్లు పోయే కీళ్ళవాతం ఉన్న ఆడవాళ్ళకు గర్భంతో ఉండగా నెప్పులు తగ్గడం ఆయన గమనించాడు. పచ్చకామెర్లు వచ్చినా తగ్గుతున్నాయి. అయితే మందు బయట లేదు, ఒంట్లోనే ఎక్కడో తయారవుతోంది అనుకున్నాడు. అక్కడే పనిచేసే కెండాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లోంచి కొన్ని పదార్థాలు వేరుచేసి పెట్టాడు. వాటిలో ఒకదాన్ని 1948 సెప్టెంబరులో, నడవలేకుండా ఉన్న ఒక యువతికి సూదిమందుగా ఇచ్చారు. కొద్దిరోజుల్లో లేచి నడిచింది. అదే కార్టిజోన్. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లండుకు చెందిన రైక్‌స్టైన్, ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. 1952కల్లా దాని తోబుట్టువైన హైడ్రోకార్టిజోన్ చర్మానికి పూతమందుగా పనిచేస్తుందని తేలింది. ఇవాళ నా బీరువాలో ఉన్న లేపనపు గొట్టాలు ఆ వంశంవే.

ఇక అసలు సంగతి. 2005లో కాలిఫోర్నియాలోని డాక్టర్లు సోరియాసిస్ ఉన్న 47 మంది గర్భిణులను వరసగా పరీక్షించి లెక్కలు ప్రచురించారు. గర్భంతో ఉండగా నూటికి 55 మందికి తగ్గింది, 21 మందికి మార్పు లేదు, 23 మందికి పెరిగింది. కాన్పు తర్వాత నూటికి 65 మందికి పెరిగింది. తగ్గినవాళ్ళ రక్తంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పాలు ఎక్కువగా కనిపించింది. బిడ్డలో సగం తండ్రి అంశ కాబట్టి తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదని తరిమెయ్యకుండా ఉండాలంటే రక్షణ వ్యవస్థ కొంచెం నెమ్మదించాలి. అలా నెమ్మదించడంలో ఈ హార్మోన్లకూ భాగముంది. ఆ నెమ్మదిలోనే మా చర్మానికీ విశ్రాంతి. ప్రసవం కాగానే కొద్దిరోజుల్లో ఆ హార్మోన్లు దభాలున పడిపోతాయి. మా అత్తగారన్న కోపం అదే.

అలా అయితే ఈస్ట్రోజెన్ మాత్రలు మింగితే సరిపోతుంది కదా అంటారేమో. నేనూ డాక్టరుగారిని అడిగాను. అంత సులువు కాదుట. గర్భనిరోధక మాత్రలు వేసుకున్నవాళ్ళలో కొందరికి తగ్గింది, కొందరికి పెరిగింది. 47 మందిని చూసి లోకానికంతటికీ మందు రాయలేమన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

మగవాళ్ళు ఇది తమ గొడవ కాదని పేజీ తిప్పెయ్యకండి. హార్మోన్లు ఆడవాళ్ళ సొత్తు కాదు. విటమిన్ 'డి' అని మనం పిలిచేది, ఎండ తగిలితే చర్మంలోనే తయారై, నిజానికి హార్మోనులా పనిచేసే పదార్థం. 1985లో జపాన్‌లో ఎముకల బలానికని ఆ జాతి మందు ఇస్తే రోగి సోరియాసిస్ ఆశ్చర్యంగా తగ్గిపోయిందట. ఆ దారినే ఇప్పటి కాల్సిపోట్రియాల్ పూతమందు వచ్చింది. మా దూరపు బంధువు ఒకాయన కథ దీనికి తలకిందులు. ఏదో ఊళ్ళో పేరులేని పొడి పొట్లాలు ఇస్తే నెలలో ఒళ్ళు అద్దంలా అయింది. పొట్లాలు అయిపోయిన పదిహేను రోజులకు ఒంటినిండా చీము పొక్కులు, జ్వరం, ఆస్పత్రి. పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందన్నారు డాక్టర్లు. పైపూతగా మేలుచేసే ఆ కార్టిజోన్ వంశమే, లోపలికి పుచ్చుకుని ఉన్నట్టుండి ఆపేస్తే ఈ జబ్బును పగబట్టిన పాములా లేపుతుంది. పొట్లాలిచ్చినాయన ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాడు.

ఇదంతా ఇంత శ్రద్ధగా ఎందుకు తెలుసుకున్నానంటే, మా అమ్మాయికీ ఇదే ఉంది. ఇరవైనాలుగో ఏట వచ్చింది. పెళ్ళిచూపుల్లో మేమంతా కాఫీలతో హడావిడి పడుతుంటే, అదే ఆ అబ్బాయితో చెప్పేసింది: "నాకు సోరియాసిస్ ఉంది. మా అమ్మకూ ఉంది. అంటుకోదు, పూర్తిగా పోదు కూడా." మా వారి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. అబ్బాయి కాసేపు ఆలోచించి, "మా నాన్నకు ఉబ్బసం" అన్నాడు. అలా కుదిరింది సంబంధం.

ఇప్పుడు దానికి ఏడో నెల. వేసుకుంటున్న మెథోట్రెక్సేట్ మాత్రలను డాక్టరు సలహా మీద గర్భం రాకముందే కొన్ని నెలలు ఆపేసింది. ఆ మాత్రలు కడుపులో బిడ్డకు హాని. అసిట్రెటిన్ అనే మరో మందుంది. దాన్ని ఆపాక మూడేళ్ళదాకా గర్భం రాకూడదట. పెళ్ళికావలసిన పిల్లలకు ఏ మందు రాసినా తల్లులు ఈ సంగతి అడిగి తీరాలి.

నాలాగే దానికీ అయిదో నెలకు తేటపడుతుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశాం. తేటపడలేదు. నూటికి 23 మందిలో అది చేరింది. వీపు మీద కొత్త మచ్చలు. రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నీకు తగ్గింది కదా, నాకెందుకు తగ్గలేదు?" అంది. డాక్టర్లకు లేని జవాబు నా దగ్గరెక్కడిది? గర్భిణులకు అరుదుగా చీము పొక్కులతో, జ్వరంతో వచ్చే ప్రమాదకరమైన రకం ఒకటుంది. ఆ వియన్నా హెబ్రాయే 1872లో దాన్నీ వర్ణించాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర లేదు. దీనికి ఆ ఛాయలేమీ లేవని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. పొక్కులు గాని జ్వరం గాని కనిపిస్తే ఆ గంటలోనే రమ్మన్నారు. వారానికి మూడు రోజులు అతినీలలోహిత కిరణాల కింద నిలబెడుతున్నారు. అది గర్భిణులకు క్షేమమేనట. ఆ వెలుగుకు ఒంట్లో ఫోలిక్ ఆమ్లం తరుగుతుంది కనక ఆ మాత్రలు మానకూడదన్నారు.

కాన్పయ్యాక పొంగేదాకా కూర్చోకుండా ముందే వచ్చి కనబడమని తారీఖు కూడా రాసిచ్చారు. లేపనం రొమ్ములకు రాయకూడదు, బిడ్డ నోట్లోకి పోతుంది. ఆ చీటీని క్యాలెండరుకు గుచ్చాను. వచ్చే నెల పురిటికి వస్తోంది. మా అమ్మ బావి ఎప్పుడో పూడిపోయింది గాని, పెరటివైపు వరండాలో ఉదయం ఎనిమిదింటికి మంచి ఎండ పడుతుంది. అక్కడ దాని మంచం వేయించాను.