సిస్టమ్‌లో అంతే ఉంది సార్!

మా అమ్మ బిల్లులు పారేయదు. వంటింట్లో పోపుల డబ్బా కింద మడిచి పెడుతుంది. నెలాఖరుకి లెక్క చూసుకున్నాకే చింపేస్తుంది. 2025 దీపావళికి రెండు రోజుల ముందు ఆ డబ్బా పక్కన రెండు షాంపూ సీసాలు కనబడ్డాయి. సీలు తీయలేదు. ఒకదానికి బిల్లు చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇదేందమ్మా?" అన్నాను.

"ఏం లేదు, ఇడ్సిపెట్టు బిడ్డా" అంది.

ఏం లేకపోతే షాంపూకి రబ్బరు బ్యాండు ఎందుకు? విప్పి చూశాను. సీసా మీద రెండు ధరలున్నాయి. ముద్రించిన ఎమ్మార్పీ 354, దాని పక్కన చిన్న స్టిక్కర్ మీద 315. బిల్లులో మాత్రం 354 చొప్పున రెండు సీసాలు. అంటే 78 రూపాయలు ఎక్కువ.

సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, సబ్బు, టూత్‌పేస్ట్ లాంటి వాటిపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా. 300 రూపాయల సరుకు మీద 18 శాతం వేస్తే 354, 5 శాతం వేస్తే 315. కంపెనీ రూపాయి తేడా లేకుండా లెక్క కట్టి స్టిక్కర్ వేసింది. సూపర్ మార్కెట్ బిల్లుకే ఆ సంగతి తెలియలేదు.

మెల్లగా అడిగితే అమ్మ మొత్తం చెప్పింది. ఇంటికొచ్చాక తేడా చూసుకుని, ఆ సాయంత్రమే మళ్లీ షేర్ ఆటో ఎక్కి వెళ్లిందట. కౌంటర్లో "బిల్లు అయిపోయినంక మేం ఏం చెయ్యలేం ఆంటీ" అన్నారు. ఈమె కదలకపోయేసరికి సూపర్‌వైజర్ వచ్చాడు. సీసా అటూ ఇటూ తిప్పి, "ఈ స్టిక్కర్ మీరే అతికించుకున్నరేమో, మాకేం తెలుసు?" అన్నాడు.

వెనక లైన్లో మా గల్లీ వాళ్లు ఇద్దరున్నారు. అమ్మ సీసాలు సంచిలో వేసుకుని వచ్చేసింది. నాకు నాలుగు రోజులు చెప్పలేదు.

78 రూపాయల సంగతి సరే. ముప్పై ఏళ్లుగా హన్మకొండలో పాలవాడికి, కూరగాయలామెకి రూపాయి బాకీ లేకుండా బతికిన మనిషిని పట్టుకుని స్టిక్కర్ అతికించుకున్నావా అంటే ఎట్లా ఉంటుంది? మా చిన్నప్పుడు కిరాణా షాపులో ఖాతా పుస్తకం ఉండేది. సేఠు ఒక్కోసారి లెక్క తప్పేవాడు. అమ్మ వేలుపెట్టి చూపిస్తే, "అయ్యో, జర తప్పు వడ్డది చెల్లె" అని అక్కడే కొట్టేసి మళ్లీ రాసేవాడు. తప్పు ఎత్తిచూపడం అప్పుడు గొడవ కాదు. ఇప్పుడెందుకు అయింది?

మర్నాడు పొద్దున అమ్మను తీసుకుని వెళ్లాను. తను రానంది. "గట్టిగ మాట్లాడనంటేనే వస్త" అని మాట తీసుకుంది. ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. కౌంటర్లో ఇరవై ఏళ్లు కూడా దాటినట్టు లేని అమ్మాయి ఉంది. ఆమె మీదే మొదలుపెట్టాను. ధర చూసుకోరా, చదువు రాదా అని కూడా అనేశాను. ఆమె ఏం మాట్లాడకుండా సీసా స్కాన్ చేసి, స్క్రీన్ నా వైపు తిప్పింది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేరే కాబట్టి చూడగానే అర్థమైంది. ధర మారినా సరుకు బార్‌కోడ్ చాలాసార్లు మారదు. పాత స్టాకు, కొత్త స్టాకు రెండింటికీ అదే కోడ్. అందుకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే బార్‌కోడ్ కింద రెండు మూడు ఎమ్మార్పీలు పెట్టుకునే వీలుంటుంది. స్కాన్ చేయగానే చిన్న విండో వస్తుంది. చేతిలో ఉన్న సీసా మీది ధర చూసి, దానికి సరిపోయే లైన్ ఎంచుకోవాలి. ఆ విండోలో ఉన్నది ఒకటే లైన్, 354. లోపల కంప్యూటర్ దగ్గర కూర్చునేవాళ్లు 315 ఎక్కించనేలేదు. ఇక ఆ అమ్మాయి ఎంచుకోవడానికి ఏముంది?

"రేటు మార్చే ఆప్షన్ మాకు ఉండదు సార్. తక్కువ తీస్కుంటే రాత్రి క్యాష్‌ల తేడా వస్తది, మా జీతంల కెళ్లి కట్ చేస్తరు" అంది మెల్లగా.

నా గొంతు దానంతటదే తగ్గింది. అమ్మ నా చెయ్యి గిల్లింది.

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. మొదటి మాట, "సిస్టమ్‌లో అంతే ఉంది సార్". ఆ మాట నాకు కొత్త కాదు. "డేటా తప్పుంటే మా కోడ్ ఏం చేస్తుంది" అని క్లయింట్ కాల్స్‌లో నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ మాటకు అవతలి చివర ఎవరో ఒకావిడ సంచి పట్టుకుని నిలబడి ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

రెండో మాట, "సీసా మీద 354 కూడా ఉంది కదా, ఎమ్మార్పీకి మించి తీస్కోలే". వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ తగ్గించిన ధరతో స్టిక్కర్ వేసేటప్పుడు పాత ధరను కప్పేయకూడదని ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్సే చెబుతున్నాయి. మోసం జరగకుండా, ఎంత తగ్గిందో మనకు కనబడాలనే రెండూ ఉంచుతారు. రెండింట్లో ఎక్కువున్నది తీసుకోమని కాదు. స్టిక్కర్ పడ్డాక 315 దాటి ఒక్క రూపాయి తీసుకున్నా ఎమ్మార్పీకి మించి అమ్మినట్టే. అది తూనికలు కొలతల శాఖ కేసు రాసే తప్పు.

మూడో మాట, "అమ్మిన సరుకు వాపస్ తీస్కునే పాలసీ లేదు". నేను సరుకు వాపస్ ఇవ్వడం లేదు. మీరు ఎక్కువ తీసుకున్న డబ్బు అడుగుతున్నాను. ఈ రెండూ వేరు. చాలామందిమి ఇక్కడే తడబడి వెనక్కి వచ్చేస్తాం. నిజానికి సరుకులో లోపం ఉన్నప్పుడు కూడా ఆ పాలసీ చెల్లదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

అప్పటికీ అతను కదల్లేదు. నేను అక్కడే నిలబడి 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు రాసుకుని నంబర్ ఇస్తారు, సంస్థకు పంపుతారు. వాళ్లు జడ్జిలు కాదు, ఫోన్లోనే తీర్పు చెప్పరు. కానీ నేను షాపు పేరు, బిల్లు నంబరు చదువుతుండగానే లోపలి నుంచి మేనేజర్ వచ్చాడు. ముందు లాయల్టీ పాయింట్లు ఇస్తానన్నాడు. తర్వాత కూపన్ అన్నాడు. చివరికి 78 రూపాయలు క్యాష్ తీసి అమ్మ ముందు పెట్టాడు.

అమ్మ ఆ డబ్బు ముట్టుకోలేదు. సూపర్‌వైజర్ వైపు తిరిగి, "మొన్న స్టిక్కర్ నేనే అతికించుకున్ననంటివి గద బిడ్డా, ఇప్పుడేమంటవు?" అని అడిగింది. గొంతు పెంచలేదు. అతను నేల చూశాడు. కాసేపటికి "తప్పయింది అమ్మా" అన్నాడు. అప్పుడు డబ్బు తీసుకుంది. వచ్చేటప్పుడు కౌంటర్లో అమ్మాయికి నేను కూడా సారీ చెప్పాను. నేను కూడా ఆమెను నలుగురిలో అన్నవాణ్ణే కదా.

ఒకవేళ వాళ్లు ఇవ్వకపోతే? జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సరుకు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. రెండేళ్ల లోపు ఎప్పుడైనా వేయొచ్చు. షాపు ఎక్కడున్నా, మనముండే జిల్లాలోనే వేయొచ్చు. 2019లో చండీగఢ్‌లో ఒకాయన పేపర్ బ్యాగుకి 3 రూపాయలు తీసుకున్నారని బాటా మీద ఫోరానికి వెళ్తే, కంపెనీకి సుమారు 9,000 రూపాయలు పడింది. 3 రూపాయలకు కోర్టా అని నవ్వేవాళ్లు ఉంటారు. కానీ అలా నవ్వుకుని వదిలేసే మన మొహమాటమే షాపులకు లాభం.

అమెరికాలో ఉంటున్న నా ఇంజనీరింగ్ రూమ్‌మేట్ ఒక సంగతి చెప్పాడు. మిషిగన్ రాష్ట్రంలో, పెట్టిన ధర కంటే స్కానర్ ఎక్కువ కొడితే, షాపు ఆ తేడాతో పాటు దానికి పది రెట్లు ఇస్తే కేసు తప్పించుకోవచ్చట. కనీసం 1 డాలర్, ఎక్కువలో ఎక్కువ 5 డాలర్లు. అచ్చం మా ఫీల్డులో బగ్ పట్టిచ్చినవాళ్లకు ఇచ్చే బౌంటీ లాగా. అక్కడ తప్పు పట్టుకున్న మనిషికి చట్టమే బహుమానం లెక్క కట్టింది. ఇక్కడ తప్పు పట్టుకున్న మా అమ్మ దొంగలా నిలబడాల్సి వచ్చింది.

మీకు చెప్పేది చిన్న విషయమే. కౌంటర్ దగ్గరే బిల్లు చూసుకోండి. తేడా ఉంటే సీసా మీది ధర, షెల్ఫ్ మీది ధర, బిల్లు మూడూ ఫోటో తీయండి. బిల్లు కొట్టే పిల్లల మీద అరవకండి, మేనేజర్‌ని పిలవమనండి. కూపన్ ఇస్తామంటే వద్దనండి.

వారం తర్వాత అదే షాపుకి వెళ్లి చూశాను. అదే షాంపూ స్కాన్ చేస్తే 315 వచ్చింది. ఎక్కించారు. కానీ ఆ మధ్య రోజుల్లో 354 కట్టి వెళ్లినవాళ్లు ఎందరో, వాళ్లకు చెప్పే బోర్డు ఒక్కటీ అక్కడ లేదు. ఆ సంగతి 1915 ఫిర్యాదులో కూడా చేర్చాను.

అమ్మ ఇప్పుడు కౌంటర్ దగ్గరే కళ్లజోడు పెట్టుకుని బిల్లు లైను లైను చదువుతుంది. వెనక ఎవరైనా విసుక్కుంటే, తల ఎత్తకుండానే "జర ఆగు బిడ్డా, నీ బిల్లు గూడ చూస్కో" అంటుంది.