నేలతో నెయ్యము

ఈ పాఠశాలలోఁ జదివిన మే మక్కచెల్లెండ్ర మిద్దఱమును బాల్యమునఁ గూచిపూడి నేర్చితిమి. 2018వ సంవత్సరమున నుద్యోగార్థము బెంగుళూరు చేరి, యాధునిక నృత్యపుఁ దరగతిలోఁ బ్రవేశించితిమి. నాయనగారు "పొర్లుట నేర్చుకొనుటకా పట్టణము పోయితిరి?" యని నొచ్చుకొనిరి.

అచ్చట గజ్జెలు లేవు, నట్టువాంగము లేదు. మొదటి పాఠము నేలపైఁ బడుట! పళ్లెపుటంచుపై నిలిచి పడకుండుటయే ప్రజ్ఞయని నమ్మిన మాకు నవ్వు వచ్చెను. మోకాళ్లు కమలఁగా నా నవ్వు పోయెను. అమెరికా దేశపు నర్తకి డోరిస్ హంఫ్రీ (1895–1958) పడుటకును దేఱుకొనుటకును నడుమనే నృత్యమున్నదని బోధించెనఁట. ఊపిరి బిగఁబట్టక విడుచుచు, మోకాళ్లు వంచి, మోకాటిచిప్పపైఁ గాక తొడప్రక్కపై బరువు నానించినచో దెబ్బ తగులదని క్రమముగాఁ దెలిసికొంటిమి.

వేసవి సెలవులకు మే మింటికిఁ బోవునప్పటికి నాయనగారు నూతిగట్టున జాఱిపడి, నడచుటకే జంకుచుండిరి. చాప పఱచి, కుర్చీ యానికగా మెల్లఁగా నేలకు దిగుటయు, నొక ప్రక్కకు నొరగి లేచుటయు వారికిఁ జూపితిమి. వారము దినములకు వారు తామై లేచి, "ఇదియా మీ పొర్లుట!" యని నవ్విరి. ఆ మీఁదటి నెల తరగతి రుసుము వారే పంపిరి.