నాన్నకో మిస్డ్ కాల్

మా కాలేజీ లైబ్రరీలో ఓ మూలగదిలో నాలుగు కంప్యూటర్లున్నాయి. బయట 'డిజిటల్ లైబ్రరీ' అని బోర్డు కూడా ఉంది. మొదటి సంవత్సరమంతా నేనా గదిలోకి వెళ్ళింది హాల్ టికెట్ కోసమే.

రెండో ఏడు వేసవిలో మా పొలంలో బోరు మోటారు కాలిపోయింది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే భారమంతా మిగిలిన రెండింటి మీదా పడి, వైండింగు వేడెక్కి మాడిపోతుంది. బాగు చేయించడానికి అమ్మ చెవికమ్మలు తాకట్టుకు వెళ్ళాయి. "కరెంటు చదువే చదువుతున్నావు గదరా, దీనికేదన్నా మందుందా?" అన్నాడు నాన్న. నా దగ్గర మార్కులున్నాయి గాని జవాబు లేదు.

సెలవులయ్యాక ఆ గదిలో కూచున్నాను. ఐ.ఐ.టి.లూ, బెంగుళూరు సైన్సు సంస్థా కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్.లో మోటార్ల పాఠాలు విన్నాను. అర్థం కానిచోట వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. క్లాసులో మాస్టారిని నాలుగుసార్లు అడిగే ధైర్యం మనలో ఎవరికుంది? శోధగంగలో పరిశోధకుల సిద్ధాంత వ్యాసాలు తిరగేశాను. ఇటలీలో 2005లో విద్యార్థుల కోసమని చవగ్గా తయారైన ఆర్డుయినో బోర్డు సంగతీ, దాని నమూనా ఎవరైనా వాడుకోవచ్చన్న సంగతీ అక్కడే తెలిశాయి.

ఫేజు పోతే మోటారు ఆగాలి, నాన్న ఫోనుకు మిస్డ్ కాల్ వెళ్ళాలి. ఇదీ నా ఆలోచన. ఇలాంటివి బజార్లో ఉన్నాయని తెలిసి నీరుగారిపోయాను. "ఉన్నదాన్ని నీ చేత్తో చేసి చూడవోయ్, లేనిదేమిటో అప్పుడు కనిపిస్తుంది" అన్నారు ల్యాబు మాస్టారు.

మొదటి బోర్డు పొగలొచ్చి పోయింది. రెండోది ఓల్టేజి కాస్త ఊగినా చాలు, మోటారు ఆపేసేది. నాన్న విసుక్కుని తీగ పీకేశాడు. అప్పుడు తెలిసింది, ఊళ్ళో కరెంటు పుస్తకంలో కరెంటులా ఉండదని! కొన్ని సెకన్లు ఆగి చూశాకే ఆపేలా ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడది పనిచేస్తోంది. నలుగురు ఉచితంగా ఇచ్చినదాంతో చేసింది కాబట్టి, ఆ మార్పును నేనూ నలుగురికీ అందుబాటులోనే పెట్టాను.

మిత్రులారా, ఒక్క విన్నపం. ఆ గది సాయంత్రం అయిదింటికి మూస్తారు. మన ల్యాబు క్లాసులు వదిలేదీ అయిదింటికే. ఎక్కడెక్కడి విద్యాలయాలో తలుపులు తెరిచి పెడితే, మన తలుపుకి తాళం! రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచమని యూనియన్ వారు అడగాలి. మన ప్రాజెక్టు రిపోర్టులన్నీ, పొగలొచ్చినవాటితో సహా, అందులో పెట్టించాలి. వెనక వచ్చేవాళ్ళు కనీసం కొత్త తప్పులు చేస్తారు.

అమ్మ కమ్మలు ఇంకా విడిపించలేదు. మోటారు మాత్రం మళ్ళీ కాలలేదు.