అటు నారింజ, ఇటు నీలం

మా ఇంట్లో జుట్టుకి రంగేసుకునే హక్కు చాలా ఏళ్ళు నాన్న ఒక్కరిదే. నెలకి రెండు ఆదివారాలు పెరట్లో స్టూలు మీద కూర్చుని, చిరుగుల బనీను వేసుకుని, పాత టూత్ బ్రష్షుతో నల్లరంగు పట్టించుకునేవారు. అద్దం పట్టుకోవడం నా డ్యూటీ. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా, అంటే 2011లో, ఎందుకో ప్యాకెట్టు మారింది. పెరడు పోయి బాత్రూమ్ వచ్చింది, తలుపుకి గడియ వచ్చింది, లోపల్నించి గోరింటాకు వాసన వచ్చింది. ఖర్చు తగ్గిస్తున్నారు కాబోలు అనుకున్నా. నా డ్యూటీ పోయినందుకు సంతోషించా కూడా.

ఇక అసలు కథ. 2024 జూన్‌లో మా చెల్లి గుంటూరు నుంచి హైదరాబాద్‌లో నా ఫ్లాటుకి వచ్చింది. అంతకు ముందు ఏడాదే బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ చేతికిచ్చిన కంపెనీ, జాయినింగ్ తేదీ మాత్రం ఇవ్వలేదు. "త్వరలో తెలియజేస్తాం" అని మూడు నెలలకోసారి ఒక మెయిల్. ఆ ఏడాది ఇలా ఎదురుచూసిన పిల్లలు ఎంతమందో మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉంటే వచ్చినవాళ్ళందరూ "ఇంకా పిలవలేదా అమ్మా" అంటున్నారని ఇక్కడికి పారిపోయి వచ్చింది.

వచ్చిన వారానికి, "అన్నయ్యా, నేను జుట్టుకి రంగేసుకుంటా. రెండు రంగులు. ఒక పక్క నారింజ, ఒక పక్క నీలం" అంది.

"పిచ్చా?"

"ఉద్యోగంలో చేరితే వేసుకోలేను. పెళ్ళయితే అసలే వేసుకోలేను. నాకు మిగిలింది ఈ ఖాళీయే."

దీనికి నా దగ్గర జవాబు లేదు. పార్లర్‌లో ఎంతవుతుందో కనుక్కుని, ఇద్దరం కలిసి ఇంట్లోనే చేద్దామని తీర్మానించాం. అమ్మకి ఫోన్లో చెల్లి సగం నిజమే చెప్పింది, "బ్లీచ్ చేస్తున్నాం" అని. అమ్మకి తెలిసిన బ్లీచింగ్ పౌడర్ ఒకటే... వానాకాలంలో మున్సిపాలిటీ వాళ్ళు కాలవల పక్కన చల్లేది. "బాత్రూమ్ కడుగుతున్నారా, మంచిది" అంది పాపం.

నేను ఇంజనీర్ని కాబట్టి మొదలెట్టే ముందు రెండు రాత్రులు చదివా. మన నల్ల జుట్టు మీద ఏ రంగూ నేరుగా కనపడదు. ముందు లోపలి మెలనిన్‌ని పోగొట్టాలి. మెలనిన్ రెండు రకాలు, నలుపు గోధుమలనిచ్చేది ఒకటి, ఎరుపు పసుపులనిచ్చేది ఇంకోటి. బ్లీచ్‌కి మొదటిది ముందు లొంగుతుంది, రెండోది మొండిది. అందుకే నల్ల జుట్టు తెల్లబడే దారిలో ఎరుపు, నారింజ, పసుపు వరసగా వస్తాయి. అంటే చెల్లి అడిగిన నారింజ మనం వెయ్యక్కర్లేదు, మధ్యలో ఆగితే చాలు, ఉచితం! నీలానికి మాత్రం లేత పసుపు దాకా వెళ్ళాలి. నారింజ మీద నీలం వేస్తే ఒకదాన్నొకటి చంపుకుని బురద రంగు వస్తుంది. పసుపు మీద నీలం వేస్తే ఏమొస్తుందో మూడో క్లాసు డ్రాయింగ్ పుస్తకంలోనే ఉంది. ఆ పాఠం నేను మర్చిపోయా. దాని సంగతి తర్వాత.

ఏర్పాట్లు బానే చేశాం. ప్లాస్టిక్ గిన్నె, చేతులకి గ్లోవ్స్, నుదుటికీ చెవులకీ వాజిలిన్. 20 వాల్యూమ్ డెవలపర్, అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ముందుగా మెడ దగ్గర ఒక పాయ కత్తిరించి దాని మీద ప్రయోగం చేశాం. తలంతా ఒకేసారి ప్రొడక్షన్‌లో పెట్టకూడదు కదా. ప్యాకెట్టు మీద ఇంకో మాట కూడా ఉంది, చర్మం మీద కొంచెం రాసి 48 గంటలు చూడమని. చెల్లి వద్దంది, నేను పట్టుబట్టా. ధైర్యం లేక పట్టుబట్టా, తెలివితో కాదు.

మూడో రోజు మొదలెట్టాం. ఎడమ పక్క అరగంటలో చక్కటి నారింజకి వచ్చింది. బత్తాయి కాదు, అచ్చం కమలాపండు. కుడి పక్క కూడా అక్కడే ఆగింది. ఆ రోజే ఇంకోసారి బ్లీచ్ చేద్దామంది చెల్లి. ఒకే రోజు రెండుసార్లు చేస్తే జుట్టు పీచులా తెగుతుందని రెండు వారాలు ఆపా. ఆ రెండు వారాలూ తలంతా కమలాపండుతోనే తిరిగింది. లిఫ్టులో పిల్లలు పేరు పెట్టేశారు.

రెండోసారికి కుడి పక్క పసుపు వచ్చింది. లేత పసుపా అంటే కాదు. నీలం పూశాం, కడిగాం. సముద్రం ఫొటోల్లో ఉండే ఆకుపచ్చ తేలింది. కడిగేటప్పుడు ఆ నీళ్ళు ఎడమ పక్కకి పారి అక్కడక్కడా ఇటుకపొడి మచ్చలు పడ్డాయి. ఒక్కో పక్కా విడివిడిగా, తల వంచి, చన్నీళ్ళతో కడగాలిట. అది తర్వాత చదివా.

చెల్లి అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నా. "సంవత్సరం తర్వాత నేను అనుకున్న పని ఒకటి జరిగిందిరా అన్నయ్యా, రంగు వేరే అయితే ఏంటి" అంది.

ఆ ఆదివారమే నాన్న వచ్చారు, చెప్పకుండా. తలుపు తీసింది చెల్లే.

నాన్న ఏమీ అనలేదు. చెప్పులు విప్పారు, కాళ్ళు కడుక్కున్నారు, కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టి నా వైపు చూసి అడిగిన మొదటి మాట, "ముందు చెవి వెనక రాసి చూశారా?"

"చూశాం. రెండు రోజులు."

"హమ్మయ్య."

అప్పుడు చెప్పారు. 2011లో నాన్న పనిచేసే సంస్థ చేతులు మారింది. కొత్తవాళ్ళు ముందుగా పెద్ద వయసు వాళ్ళని ఇంటికి పంపుతున్నారు. నాన్నకి అప్పటికి 46. పదిహేను రోజుల రంగుని వారానికోసారి చేశారు. ఒక సోమవారం పొద్దున లేచేసరికి రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి, చెవుల వెంట రసి కారింది. మాకు కళ్ళకలక అని చెప్పారు. నాకు గుర్తే, మేం దగ్గరికి వెళ్ళకూడదని వేరే గదిలో పడుకున్నారు. డాక్టరు చెప్పిందేమిటంటే ఆ నల్లరంగులో ఉండే పీపీడీ అనే పదార్థం ఆయనకి పడదు, ఇక జన్మలో ముట్టుకోవద్దు అని. ఇన్నాళ్ళు పడింది కదా అంటే, వాడగా వాడగా కూడా పడకుండా పోవచ్చన్నారట.

నాన్న నల్లరంగు మానేశారు కానీ నల్లజుట్టు మానలేదు. ముందు గోరింటాకు, కడిగాక నీలి ఆకు పొడి. గోరింటాకు తెల్లజుట్టుని నారింజ చేస్తుంది. దాని మీద నీలి పడితే నలుపు. బ్లాక్ హెన్నా అని అమ్మే పొట్లాల్లో చాలావాటిలో మళ్ళీ ఆ పీపీడీనే కలుపుతారని, రెండు ఆకులూ విడిగా కొనేవారట. మొత్తం నాలుగైదు గంటల పని. అందుకే ఆ గడియ.

"మధ్యలో ఆపితే నేనూ నీలాగే ఉంటానే" అన్నారు చెల్లితో.

నవ్వాం. నవ్వుతుంటేనే నాకు వెలిగింది. ఇద్దరూ వాడింది అవే రెండు రంగులు. నాన్న ఒకదాని మీద ఒకటి వేసి ఎవరికీ కనపడకుండా చేశారు. చెల్లి పక్కపక్కన పెట్టి అందరికీ చూపించింది. పదమూడేళ్ళు ఆ తలుపు అవతల ఒక మనిషి నారింజ తలతో ఒంటరిగా కూర్చున్నాడని, మా స్కూలు ఫీజులు ఆ గిన్నెలోంచి కూడా వచ్చాయని నాకు తట్టనేలేదు.

సెప్టెంబరులో మెయిల్ వచ్చింది. మర్నాడే జాయినింగ్! ఏడాది ఆగినవాళ్ళు ఒక్కరోజు టైమిచ్చారు. చెల్లి పరిగెత్తుకెళ్ళి నల్లరంగు డబ్బా తెచ్చింది. నాన్నకి ఫోన్ చేశా.

"48 గంటలు లేవుగా. వద్దు. అలాగే వెళ్ళమను" అన్నారు.

అలాగే వెళ్ళింది, జడ బిగించి వేసుకుని. ఎవరూ ఏమీ అనలేదు. ఐడీ కార్డు ఫొటోలో ఇప్పటికీ సగం కమలాపండు, సగం పాచి. జుట్టు మాత్రం పెరిగింది, రంగున్నంత మేర కత్తిరించేసుకుంది.

నాన్న ఇంకా నలుపే. నేను మానమని చెప్పలేదు. చెప్పే అర్హత కూడా నాకు లేదు. మొన్న గడ్డం గీసుకుంటుంటే కణత దగ్గర తెల్లవెంట్రుకలు కనపడ్డాయి. నాకు 28. అద్దంలో వాటిని చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది పెళ్ళి కాదు, మా టీములో కిందటి నెల తీసేసిన ఇద్దరు సీనియర్లు. నాన్నకి ఫోన్ చేసి ఆ నీలి పొడి ఎక్కడ దొరుకుతుందని అడిగా.

"ఎన్ని?" అన్నారు.

"నాలుగు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వదిలెయ్యరా" అన్నారు.