ఎరుపు, పసుపు, ఒక అడుగు

సాయంత్రం అయిదయ్యేసరికి హాల్లో చాప చుట్టి పక్కన పెడతాను. కాలికి తగిలేవేవీ లేకుండా చూసి, రంగు సుద్దలతో నేల మీద రెండు గళ్లు గీస్తాను. "రా అమ్మా, ఆడుకుందాం" అంటే అమ్మ కుర్చీ పట్టుకుని నిలబడుతుంది. నేను "ఎరుపు" అంటే కుడి గడిలోకి, "పసుపు" అంటే ఎడమ గడిలోకి అడుగు. పొద్దున ఇడ్లీ తిన్న సంగతి ఆమెకు గుర్తుండదు. అడుగు మాత్రం చాలాసార్లు సరిగ్గానే పడుతుంది.

చూడ్డానికి చిన్న ఆటే. కానీ మాట వినాలి, రంగు పోల్చుకోవాలి, తొందరపడే కాలిని ఆపుకోవాలి. ఒంటికీ బుద్ధికీ ఒకేసారి పని. 2006లో నింటెండో వీ, 2010లో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ అనే, ఒంటి కదలికలతో ఆడే పరికరాలు వచ్చాక ఇలాంటి ఆటలు టీవీ తెర మీదికి చేరాయి. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లతో పరిశోధకులు వాటిని ఆడించి చూశారు. అవి జబ్బును నయం చేయవు, నిజమే. కానీ 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు తూలిపడకుండా నిలిపే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆట అయితే అది రోజూ సాగుతుంది.

మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ మతిమరుపు జబ్బు, డిమెన్షియా, ఉందని 2023 నాటి అంచనా. వాళ్లందరికీ తెర దొరక్కపోవచ్చు. పక్కన నిలబడే మనిషి దొరకాలి.

నిన్న అమ్మ అడుగు తప్పింది. నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "మళ్లీ మొదట్నుంచీ ఆడదాం రా" అంది.